పచ్చ అంటే ఏ రంగు? కాగ్నిటివ్ సైకాలజీ ల్యాబులో ఒక సెమిస్టరు

2025 ఆగస్టు 4న క్లాసులు మొదలయ్యాయి, డిసెంబరు 16న ప్రాక్టికల్ పరీక్ష అయిపోయింది. హైదరాబాద్‌లో ఎం.ఏ. సైకాలజీ మొదటి సెమిస్టరు, కాగ్నిటివ్ సైకాలజీ పేపరు, దానికి జతగా ప్రాక్టికల్స్. సీనియర్లను అడిగితే అందరూ థియరీ నోట్సే చేతిలో పెట్టారు. థియరీ నెల రోజుల్లో చదివేయొచ్చు. మిగతా కాలమంతా పోయేది ఎనిమిది ప్రయోగాలు చేసి, నమ్మదగ్గ రీడింగులు తెచ్చి, రికార్డు రాయడానికి. పైగా తెలుగు మాట్లాడే మనుషుల మీద చేసేటప్పుడు ఇంగ్లీషు మాన్యువల్‌లో ఉన్నది ఉన్నట్టు చేస్తే అంకెలు తేడాగా వస్తాయి. ఆ తేడా ఎక్కడెక్కడ వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం మూడు వారాలు మిగిలేవి.

ఆగస్టు 18న ప్రయోగాలు పంచారు. ప్రతి ప్రయోగానికి క్లాసు బయటి సబ్జెక్టులు, అంటే ఎవరి మీద ప్రయోగం చేస్తామో ఆ మనుషులు, కనీసం ముగ్గురు కావాలి, క్లాసు మొత్తం డేటాను తర్వాత కలిపి లెక్క కడతారు. నాకు దొరికిన ముగ్గురు: హాస్టల్ రూమ్మేటు, ఎదురింట్లో ఇంటర్ చదివే అబ్బాయి, మా మేనత్త. ప్రతి ఒక్కరి దగ్గరా ముందు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి, మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చని నోటితో చెప్పాలి. ఇది లాంఛనం అనుకోకండి. చివర్లో నోటితో అడిగే పరీక్ష, వైవాలో, మొదటి ప్రశ్న దీని మీదే వచ్చింది.

మొదట చేసింది మ్యుల్లర్-లయర్ భ్రమ: చివర్ల గుర్తులను బట్టి సమానమైన గీతలు కూడా వేరే వేరే పొడవుగా కనిపిస్తాయి. చెక్కతో చేసిన జారుడు పలక, ఒక పక్క బాణం తలలున్న 15 సెంటీమీటర్ల గీత, రెండో పక్క రెక్కలు బయటికి విచ్చుకున్న గీత. సబ్జెక్టు రెండోదాన్ని జరిపి "ఇప్పుడు సమానం" అన్నచోట ఆపాలి. కొలత స్కేలు వెనకవైపు ఉంటుంది, దాన్ని ప్రయోగం చేసేవాళ్లే చూడాలి. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, అందరూ చేస్తారు: గీతను ఎప్పుడూ ఒకే దిశలో జరిపించడం. పొడుగు నుంచి పొట్టికి జరిపితే ఒక రకంగా, పొట్టి నుంచి పొడుగుకి జరిపితే ఇంకో రకంగా ఆపుతారు. ఇది కదలిక దోషం. గీత కుడి చేతి పక్కన ఉందా ఎడమ పక్కన ఉందా అన్నదీ తేడా తెస్తుంది. అది స్థాన దోషం. రెండు దిశలు, రెండు పక్కలు, ఒక్కో కలయికకు పది చొప్పున 40 రీడింగులు తీస్తేనే సగటుకు అర్థం ఉంటుంది. ఆ సగటులోంచి 15 తీసేస్తే వచ్చేదే స్థిర దోషం. ఈ అమరికలో అది మైనస్‌లో రావాలి, ఎందుకంటే రెక్కల గీత ఉన్నదానికన్నా పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టి సబ్జెక్టు దాన్ని పొట్టిగానే ఆపేస్తారు. ప్లస్‌లో వస్తే పలక తిరగేసి పట్టుకున్నారేమో చూసుకోండి. మా బ్యాచిలో ఇద్దరికి అలాగే వచ్చింది. 40 రీడింగులకు 25 నిమిషాలు పట్టింది. ఇరవయ్యో రీడింగు దగ్గర రెండు నిమిషాలు ఆపకపోతే సబ్జెక్టు విసుగుతో ఎక్కడ పడితే అక్కడ ఆపేస్తారు.

తర్వాత ప్రతిచర్య కాలం, అంటే ఏదైనా చూసినప్పటి నుంచి స్పందించేదాకా పట్టే సమయం. దాన్ని కొలవడానికి ల్యాబులో ఉన్న యంత్రం, క్రోనోస్కోపు, పనిచేయలేదు. బాగు చేయించి ఇస్తామన్నారు, సెమిస్టరు అయ్యేదాకా రాలేదు. ఫోన్ యాప్‌తో కొలుద్దామనుకుంటే టచ్ స్క్రీనే పదుల మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది, కొలవాల్సిన తేడా కూడా అంతే. చివరికి 30 సెంటీమీటర్ల స్కూలు స్కేలే ఆదుకుంది. సున్నా గీత దగ్గర సబ్జెక్టు బొటనవేలు, చూపుడువేలు తాకీ తాకకుండా ఉంచాలి. చెప్పకుండా వదలాలి. ఎక్కడ పట్టుకున్నారో చూసి, ఆ దూరాన్ని మీటర్లలోకి మార్చి, రెండుతో గుణించి, 9.8తో భాగించి, వర్గమూలం తీస్తే సెకన్లు వస్తాయి. 20 సెంటీమీటర్లంటే 0.202 సెకను, 25 అంటే 0.226. వదిలే ముందు వ్యవధిని ఒకటి నుంచి నాలుగు సెకన్ల మధ్య మార్చుతూ ఉండాలి, లేకపోతే సబ్జెక్టు తాళం పట్టేస్తారు. 5 సెంటీమీటర్ల లోపు పట్టుకుంటే అది 0.1 సెకను, అంటే చూసి పట్టింది కాదు, ఊహించి పట్టింది. ఆ రీడింగు కొట్టేయాలి. ఎంపిక ప్రతిచర్యకు రెండు చేతుల్లో రెండు స్కేళ్లు పెట్టి ఏదో ఒకటి వదలాలి. డోండర్స్ 1868లో చెప్పిన తీసివేత పద్ధతి ప్రకారం ఎంపిక కాలంలోంచి మామూలు ప్రతిచర్య కాలం తీసేస్తే మిగిలేది నిర్ణయానికి పట్టిన సమయం. రెండు స్కేళ్లు, ఇరవై రూపాయలు. ఖరీదైన యంత్రం లేదని కుంగిపోయి కూర్చున్న వారం రోజులే వృథా.

ఆగస్టు 27న వినాయక చవితి వచ్చింది. అంకెల స్మృతి విస్తృతి ప్రయోగం, అంటే ఒకసారి విన్న అంకెల్లో ఎన్నింటిని అదే వరసలో తిరిగి చెప్పగలరో చూడడం, సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్టుకున్నాను. హాస్టలు సందు చివర మండపం, పొద్దుట్నుంచీ మైకులో పాటలు, మధ్యమధ్యలో చందాదారుల పేర్లు. అలవాటైన చప్పుడే కదా, సబ్జెక్టులు పట్టించుకోరులే అనుకున్నాను. రెండు రోజుల డేటా మొత్తం పోయింది. వరసగా గుర్తుంచుకునే పనిని పక్కనుంచి వినపడే మాట చెడగొడుతుంది, దాన్ని విననక్కర్లేదని చెప్పినా చెడగొడుతుంది. అర్థం తెలియని భాషైనా అంతే. 1976లో కొల్, వెల్ష్ ఇంగ్లీషువాళ్లకు జర్మన్ వినిపించి ఇదే చూపించారు. క్లాసులో ఆ పాఠం అప్పటికే అయింది. నోట్సులో రాసుకున్నాను కూడా. ఆ డేటా కాగితాలు చింపుతున్నప్పుడు ఏడుపొచ్చినంత పనైంది. సెప్టెంబరు 6న నిమజ్జనం అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత లైబ్రరీ పక్కన ఖాళీ గది అడిగి మళ్లీ మొదలుపెట్టాను.

అంకెల జాబితా ముందే రాసి పెట్టుకోవాలి, అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు చెప్పకూడదు. సెకనుకు ఒక అంకె, ఫోనులో మెట్రోనోమ్ 60కి పెట్టుకుని చదవాలి. గొంతు ఎక్కడా దింపకూడదు, చివరి అంకె దగ్గరే దింపాలి. మూడేసి అంకెలకు ఒకసారి గొంతు దించామంటే మనమే వాళ్లకు గుంపులు కట్టి ఇచ్చినట్టు. వరసలో అంకె మళ్లీ రాకూడదు, వస్తే సబ్జెక్టు "డబుల్ నైన్" అని ఒక ముక్కగా చుట్టేస్తాడు. 98తో మొదలుపెట్టకూడదు, ఫోన్ నంబరు అయిపోతుంది. 1947 లాంటివి మధ్యలో పడకూడదు. ఒక్కో పొడవుకు రెండు వరసలు, రెండూ తప్పితే ఆపేయాలి.

ఇక తెలుగు సంగతి. మాన్యువల్‌లో అంకెలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒకసారికి గుర్తుండేవి ఏడు, రెండు అటూ ఇటూ అని 1956లో మిల్లర్ చెప్పిన లెక్కే వస్తుందని అందరూ చూస్తారు. తెలుగులో చదివితే ఇద్దరు సబ్జెక్టులకు ఒక అంకె తగ్గింది. తప్పు నాదే అనుకుని మళ్లీ చేశాను, మళ్లీ అంతే. అప్పుడు కాగితం తీసుకుని అక్షరాలు లెక్కపెట్టాను. ఒకటి మూడు, రెండు రెండు, మూడు రెండు, నాలుగు మూడు, ఐదు, ఆరు, ఏడు రెండేసి, ఎనిమిది నాలుగు, తొమ్మిది మూడు. మొత్తం 23. ఇంగ్లీషులో వన్ నుంచి నైన్ దాకా పలికే తీరులో సెవెన్ ఒక్కటే రెండు, మిగతావన్నీ ఒక్కొక్కటి, మొత్తం 10. బాడ్లీ బృందం 1975లో చూపించింది ఇదే: మనసులో తిరగేసుకోడానికి దొరికేది దాదాపు రెండు సెకన్ల మాట, పదం పొడుగైతే అందులో తక్కువ పడతాయి. వెల్ష్ భాష అంకెలతో ఎల్లిస్, హెనెల్లీ 1980లో ఇదే తేడా చూపించారు. పుస్తకంలో వెల్ష్ గురించి పదిసార్లు చదివినా ఎక్కనిది, ఎనిమిది అనే మాటను సెకనులో ఇరికించి పలకాల్సి వచ్చినప్పుడు ఒక్క క్షణంలో ఎక్కింది. ఆ సాయంత్రం సంతోషం ఇంకా గుర్తుంది.

కానీ రికార్డులో "తెలుగు అంకెలు పొడుగు కాబట్టి" అని ఒక్క వాక్యంతో తేల్చేయకండి. హైదరాబాద్‌లో ఫోన్ నంబరు, బస్సు నంబరు, ఓటీపీ అన్నీ ఇంగ్లీషులోనే చెప్పుకుంటాం. ఆ అలవాటు వల్లా తేడా రావచ్చు. రెండింటినీ విడదీయాలంటే అంకెలను కార్డు మీద చూపిస్తూ, సబ్జెక్టు చేత "ద ద ద" అని పైకి అనిపిస్తూ ఉండాలి. లోపల తిరగేసుకోవడం ఆగిపోతే పదం పొడుగు వల్ల వచ్చే తేడా కరిగిపోవాలి, అలవాటు వల్ల వచ్చిందైతే ఎంతోకొంత మిగలాలి. ఈ పేరా రాసినందుకే ఇంటర్నల్స్‌లో ఆ ప్రయోగానికి మంచి మార్కులు పడ్డాయి.

స్ట్రూప్ ప్రయోగానికి కార్డులు సొంతంగా చేసుకోవాలి. ఎక్కువ కష్టం ఇక్కడే, ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే. 1935లో స్ట్రూప్ చేసినప్పుడు రంగు మచ్చల పేర్లు చెప్పడానికి సగటున 63 సెకన్లు, వేరే రంగు సిరాతో అచ్చేసిన రంగుల పేర్లలో సిరా రంగు చెప్పడానికి 110 సెకన్లు పట్టాయి, వంద చొప్పున. తెలుగులో చేయాలని ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ ఎంచుకుని కలర్ ప్రింట్లు తీయించాను. పేజీకి పది రూపాయలు, ఆరు పేజీలు. మూడు తప్పులు ఒకేసారి బయటపడ్డాయి. తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు కనపడవు, సబ్జెక్టు కళ్లు చిట్లించేసరికే అర సెకను పోతుంది. ఎరుపు ఆ షాపు ప్రింటరులో నారింజలా వచ్చింది. కార్డులు నలగకుండా లామినేషన్ చేయిస్తే ట్యూబులైటు వెలుగు కార్డు మీద పడి సగం పదాలు మెరిసిపోయాయి.

నాలుగో తప్పు మా మేనత్త దగ్గర బయటపడింది. పసుపు రంగు మచ్చ చూపించి పేరు చెప్పమంటే "పచ్చ" అంది. ఆకుపచ్చ మచ్చ చూపించినా "పచ్చ" అంది. "రెండూ పచ్చేనా అత్తా?" అంటే, "అదేంది బిడ్డా, పచ్చకామెర్లొస్తే కండ్లు పచ్చగైతయి గదా. గడ్డి గూడ పచ్చగనే ఉంటది గదా" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. తెలుగులో పచ్చ రెండు రంగులకూ చెల్లుతుంది. పచ్చసొన పసుపు, పచ్చబొట్టు ఆకుపచ్చ. అలాంటప్పుడు సబ్జెక్టు "పచ్చ" అంటే ఒప్పు వేయాలా, తప్పు వేయాలా? ఎటు వేసినా స్కోరు నిలబడదు.

పరిష్కారం పసుపును తీసేయడం. ఎరుపు, నీలం, నలుపు, పచ్చ. పసుపు లేనప్పుడు పచ్చకు ఒకటే అర్థం. ఆకుపచ్చ అనే పొడుగు మాట పోయి రెండక్షరాల మాట వచ్చింది కాబట్టి పలికే సమయాలు కూడా దగ్గరయ్యాయి. ఎరుపు, నలుపు వినడానికి దగ్గరగా ఉండి నాలుక తడబడే మాట నిజమే, అది రికార్డులో లోపంగా రాశాను. కార్డు మీద 48 పదాలు, ఆరు నిలువు వరసలు, ఎనిమిది అడ్డు వరసలు. నాలుగు పదాలు, ఒక్కోదానికి సరిపోలని మూడు సిరాలు, అంటే పన్నెండు జతలు, ఒక్కో జత నాలుగేసిసార్లు. పక్కపక్కన ఒకే సిరా రాకూడదు. ఇంకో నియమం మాన్యువల్‌లో లేదు: ఒక పదంగా రాసి ఉన్న రంగు వెంటనే తర్వాతి పదానికి సిరాగా రాకూడదు. అప్పుడే తోసిపుచ్చిన రంగును మళ్లీ పిలవాలంటే అదనపు ఆలస్యం అవుతుంది, అది వేరే ప్రభావం. ఇవన్నీ పాటిస్తూ ఒక కార్డు అమర్చడానికి ఒక పూట పట్టింది. ముందుగా ఉత్త మచ్చలు చూపించి "ఈ రంగును మీరేమంటారు?" అని అడిగి, వాళ్లు వాడే మాటే ఖాయం చేసుకోవాలి. వర్ణాంధత ఉందేమో ఇషిహార పలకలతో చూసుకోవాలి. మచ్చల కార్డు, పదాల కార్డు, పదాల కార్డు, మచ్చల కార్డు అన్న వరసలో పెడితే అలసట, సాధన రెండు వైపులా సమానంగా పడతాయి.

ఇంత చేసినా ఎదురింటి అబ్బాయికి అడ్డంకి, అంటే మచ్చల కార్డు కన్నా పదాల కార్డుకు పట్టే అదనపు సమయం, చాలా తక్కువ వచ్చింది. కార్డు మీద అనుమానం, నా స్టాప్‌వాచ్ మీద అనుమానం. కారణం సులువు. నర్సరీ నుంచి ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. చదవడం దానంతటదే జరిగిపోవాలి, అప్పుడే అది రంగు పేరుకు అడ్డొస్తుంది. ఇంగ్లీషు పదాల కార్డుతో, ఇంగ్లీషులో జవాబు చెప్పమంటే మామూలుగా తడబడ్డాడు. కాబట్టి సబ్జెక్టు ఏ భాషలో వేగంగా చదువుతారో సమ్మతి పత్రంతో పాటే అడిగి రాసుకోండి. కార్డులోని భాష, జవాబు భాష ఒకటే ఉంచండి. పదం ఒక భాష, జవాబు ఇంకో భాష అయితే అడ్డంకి తగ్గుతుందని తెలిసిన విషయమే. ఉర్దూ మాట్లాడే సబ్జెక్టులు ఉంటే లాల్, నీలా, కాలా, హరా అని ఇంకో సెట్టు కావాలి. ఈ ఊళ్లో అది తప్పదు.

పదాల జాబితా ప్రయోగం తేలిక అనుకున్నాను. పదిహేను పదాలు, రెండు సెకన్లకు ఒకటి, తర్వాత గుర్తున్నవి ఏ వరసలోనైనా చెప్పాలి. మొదటివి, చివరివి బాగా గుర్తుంటాయి, మధ్యవి పోతాయి. 30 సెకన్లు మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టిస్తే చివరి పదాల లాభం పోయి మొదటివాటిది మిగులుతుంది. గ్లాంజర్, క్యునిట్జ్ 1966లో చూపించింది ఇదే. నా జాబితాలో మధ్యలో ఉన్న ఏడో పదం, ఎనిమిదో పదం అందరికీ గుర్తుండిపోయాయి. గ్రాఫులో నడుమ గుట్టలా లేచింది. చూస్తే ఏడో పదం తాళం, ఎనిమిదో పదం చెవి. వాళ్లు విన్నది తాళంచెవి, ఒకే ముక్క. తెలుగులో రెండు నామవాచకాలు పక్కపక్కన పడితే సమాసం అయిపోతుంది. గోడ పక్కన గడియారం పెట్టినా, పాలు పక్కన పిట్ట పెట్టినా అదే గతి. జాబితా రాశాక పైకి గట్టిగా చదువుకుని వినండి, ప్రతి సబ్జెక్టుకూ వరస మార్చండి.

సెప్టెంబరు చివర్లో బతుకమ్మ, దసరా సెలవులు. సబ్జెక్టులంతా ఊళ్లకు పోయారు, దాదాపు పదిహేను రోజులు ఒక్క రీడింగు లేదు. ఇది క్యాలెండరులో ముందే కనిపించే విషయం. సెలవుల ముందే డేటా పూర్తిచేసి, సెలవుల్లో రికార్డు రాసుకోవాలి. నేను తలకిందులుగా చేశాను.

నవంబరు 10న రికార్డు ఇవ్వాలి. స్ట్రూప్ ప్రయోగానికి క్లాసులో 22 మంది సగటులు కలిపి టి-పరీక్ష చేయాలి, అంటే రెండు కార్డుల సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూడాలి. ఒకే మనిషి రెండు కార్డులూ చేశాడు కాబట్టి జతల టి-పరీక్ష, స్వేచ్ఛా పరిమాణం (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 21, రెండు కొసల పరీక్షకు 0.05 దగ్గర పట్టిక విలువ 2.080. చాలామంది విడివిడి గుంపుల సూత్రం వాడి 42 వేశారు. అలా వేస్తే మనిషికీ మనిషికీ ఉన్న తేడా అంతా హారంలో చేరి, ఉన్న ఫలితం కూడా లేనట్టు కనిపిస్తుంది. రికార్డు బుక్కు, గ్రాఫు కాగితాలు, రెండుసార్లు ప్రింట్లు, పనికిరాని లామినేషన్, స్టాప్‌వాచ్, సబ్జెక్టులకు చాయ్ సమోసాలు, బైండింగ్ అన్నీ కలిపి 1,290 రూపాయలు అయ్యాయి. లామినేషన్ 150 మానుకోవచ్చు.

డిసెంబరు 16 పరీక్షకు ఎవరి సబ్జెక్టును వాళ్లే తెచ్చుకోవాలని రెండు రోజుల ముందు చెప్పారు. ఇంకొకరిని కూడా సిద్ధంగా ఉంచుకోండి. నా సబ్జెక్టు సికింద్రాబాద్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, అంతసేపూ నా చేతులు చల్లబడిపోయాయి. చీటీలో మ్యుల్లర్-లయర్ వచ్చింది. మూడు గంటల్లో సమస్య, పరికల్పన, చరాలు, నియంత్రణలు, 40 రీడింగులు, పట్టిక, చర్చ అన్నీ రాయాలి. నియంత్రణలు రాసేటప్పుడు దోషం పేరు రాసి వదిలేయకండి, దాన్ని దేనితో సరిచేశారో పక్కనే రాయండి.

వైవాలో అడిగినవాటిలో ఒక్కటి రాస్తాను, మనవాళ్లందరికీ పనికొస్తుంది. "అష్టావధానం విభక్త అవధానమా, అవధానం మార్చుకోవడమా?" అంటే దృష్టిని ఒకేసారి రెండు పనులకు పంచడమా, ఒకదాని నుంచి ఇంకోదానికి తిప్పడమా అని. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా అడిగేవి. అక్కడ అవధాని చేసేది ఒకదాన్ని నిలిపి ఉంచి ఇంకోదానికి మారడం. ఛందస్సు, యతి, ప్రాస పద్యాన్ని తిరిగి పైకి లాగే కొక్కేలు. కానీ ఘంటాగణనం అలా కాదు. పద్యం నడుస్తుండగానే గంటలు మోగుతాయి, లెక్క చెదరకూడదు. నిజమైన విభజన అక్కడే ఉందని చెప్పాను. పరీక్షకురాలు "మరి అప్రస్తుత ప్రసంగం?" అన్నారు, అంటే మధ్యలో సంబంధం లేని మాటలతో అవధాని దృష్టి మళ్లించే అంశం. మైకు గోలలో పోయిన నా రెండు రోజుల డేటా చెప్పాను. ఆవిడ రికార్డు తిరగేసి ఆ పేజీ చూశారు.

సరిచేసిన స్ట్రూప్ కార్డులు, మూడు భాషల సెట్లు, ల్యాబు బీరువా మూడో అరలో బ్రౌన్ కవరులో పెట్టాను. తర్వాతి బ్యాచి వాళ్లు కొత్తగా ప్రింటు తీస్తే ముందు ఒక్క పేజీ తీసి, ఎరుపు ఎరుపుగానే వచ్చిందో లేదో పగటి వెలుగులో చూసుకోండి.